రోడ్డు మీద మనం, ఎదురుగా బందోబస్తు

(హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో జరిగిన ఒక న్యాయ అవగాహన సభలో విశ్రాంత న్యాయవాది ఒకరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. లా విద్యార్థులు ఎక్కువమంది కనిపిస్తున్నారు, సంతోషం. కాలనీ సంక్షేమ సంఘాల వాళ్లు, యూనియన్ మిత్రులు కూడా వచ్చారు. వెనక వాళ్లకు వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరగా పెట్టుకుంటాను.

నాకిచ్చిన అంశం శాంతిభద్రతలు, పౌరుల బాధ్యత. దీని మీద పోలీసు అధికారి మాట్లాడితే ఏం చెప్తారో మీకు తెలుసు. పుకార్లు నమ్మొద్దు, గుంపులుగా తిరగొద్దు, మాకు సహకరించండి. ఉద్యమ నాయకుడు మాట్లాడినా ఏం చెప్తారో తెలుసు. కాల్చింది వాళ్లు, కొట్టింది వాళ్లు, కాబట్టి లెక్క వాళ్లే చెప్పాలి. నేను చాలా ఏళ్లు నాంపల్లి కోర్టుల్లో రెండు వైపుల వాళ్లనీ చూశాను. లాఠీ దెబ్బలు తిన్న కుర్రాళ్లకు బెయిలు అడిగాను. రాయి తగిలి కుట్లు పడిన కానిస్టేబుల్‌ను బోనులో నిలబెట్టి క్రాస్ ఎగ్జామిన్ చేశాను. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒకటే. ఈ ఊళ్లో గొడవ పెద్దది కాకుండా ఆపేది ఎక్కువసార్లు పోలీసు కాదు. గుంపులో అందరికీ ముఖం తెలిసిన నలుగురు మనుషులు. ప్రభుత్వం అడ్డగోలుగా బలం వాడినప్పుడల్లా ముందు దెబ్బతినేది ఆ నలుగురి మాటే. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు చట్టం సంగతి కాస్త చూద్దాం. విసుగు పుట్టకుండా చెప్తాను.

2024 అక్టోబరు చివర్లో నగర పోలీసు కమిషనర్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. నెల రోజుల పాటు నగరంలో ఐదుగురు, అంతకుమించి గుమిగూడకూడదు. ధర్నా చేసుకోవాలంటే ఇందిరా పార్కు దగ్గర ధర్నా చౌక్ ఒక్కటే. సరిగ్గా దీపావళి ముందు వచ్చింది. జనం కంగారుపడితే, పండగకూ దీనికీ సంబంధం లేదని పోలీసులు మళ్లీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రోజుల్లో రోడ్డెక్కింది ఎవరో గుర్తుందా? బెటాలియన్ కానిస్టేబుళ్లు, వాళ్ల ఇంటివాళ్లు. నెలల తరబడి ఇంటికి దూరంగా డ్యూటీలు వేస్తున్నారని, రాష్ట్రమంతా ఒకే పోలీసు విధానం ఉండాలని ధర్నాలు చేశారు. కొందరిని సస్పెండ్ చేశారు, కొందరిని ఉద్యోగాల నుంచే తీసేశారు. మామూలు రోజుల్లో మన ధర్నాకి బందోబస్తుగా నిలబడే మనుషులు వాళ్లే. (సభలో నవ్వులు) నవ్వొచ్చే విషయమే, కానీ కాసేపు ఆలోచించండి. లాఠీ పట్టుకున్నవాడికీ చెప్పుకోవడానికి చోటు లేకపోతే అతనూ రోడ్డు మీదకే వస్తాడు.

ఆ ఉత్తర్వు వెనక ఉన్నది మనందరి నోళ్లలో నానిన 144 సెక్షన్. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చాక అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163 అయింది. నంబరు మారింది, సంగతి మారలేదు. ఇలాంటి ఉత్తర్వు రెండు నెలలకు మించి ఉండకూడదు. అవసరమైతే రాష్ట్ర ప్రభుత్వం మరో ఆరు నెలల దాకా పొడిగించొచ్చు. మామూలు జిల్లాల్లో ఈ అధికారం కలెక్టరు, ఆర్డీవో లాంటి మేజిస్ట్రేట్లది. మన దగ్గర కమిషనరేట్ విధానం ఉంది కాబట్టి కమిషనరే మేజిస్ట్రేటు కూడా. అడిగేవాడూ ఆయనే, ఇచ్చేవాడూ ఆయనే. దానికి తోడు నిజాం కాలం నాటి హైదరాబాద్ సిటీ పోలీసు చట్టం, 1348 ఫస్లీ, ఇంకా బతికే ఉంది. జులూస్ తీయాలన్నా మైకు పెట్టాలన్నా ఇప్పటికీ ఆ పేరు వినపడుతుంది.

ఇంకోవైపు రాజ్యాంగం 19వ అధికరణ ఉంది. ఆయుధాలు లేకుండా, శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు మనది. సహేతుకమైన ఆంక్షలు పెట్టొచ్చు, అంతవరకే. వీధుల్లో సభలు పెట్టడాన్ని మొత్తానికి నిషేధించే అధికారం పోలీసులకు లేదని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. ఊరికే మళ్లీ మళ్లీ 144 పెట్టుకుంటూ పోవడం అధికార దుర్వినియోగం అని 2020లో కశ్మీర్ కేసులో చెప్పింది. ఇవి ఉత్తర్వు ఇచ్చే అధికారులకు తెలియక కాదు. అడిగేవాళ్లు లేరని.

ఇప్పుడు అసలు విషయం. ఐదుగురు కూడితే నేరం అని చాలామంది అనుకుంటారు. కాదు. ఐదుగురు కూడి, బెదిరించడానికో, ఆస్తి ధ్వంసం చేయడానికో, చట్టం అమలును అడ్డుకోవడానికో ఉమ్మడి ఉద్దేశం పెట్టుకుంటేనే అది చట్టవిరుద్ధ సమూహం. కానీ ఒక మెలిక ఉంది. మొదట్లో చట్టబద్ధంగా ఉన్న గుంపు మధ్యలో చట్టవిరుద్ధం కావచ్చు. పొద్దున పది గంటలకు మీరు ధర్నాకి వచ్చారు. పదకొండున్నరకి పక్కవాళ్లు బస్సు అద్దం పగలగొట్టారు. మీరు ఇంకా అక్కడే ఉండి కేకలు వేస్తున్నారు. ఇక భారతీయ న్యాయ సంహిత 190 సెక్షన్, అంటే పాత ఐపీసీ 149, మీ మీదకి వస్తుంది. రాయి మీరు వేయలేదు. కానీ ఉమ్మడి ఉద్దేశంతో అక్కడే ఉన్నారని ప్రాసిక్యూషన్ నిరూపిస్తే, రాయి వేసినవాడితో పాటు మీరూ ముద్దాయే. నా దగ్గరికి వచ్చిన కుర్రాళ్లలో ఎక్కువమంది ఇలాంటివాళ్లే. "సార్, నేనేం చేయలేదు, చూస్తున్నా" అంటారు. వీడియోలో కనపడతారు, ఫోను టవర్ లొకేషన్ అక్కడే చూపిస్తుంది. తర్వాత పాస్‌పోర్టుకి వెళ్తే పోలీసు వెరిఫికేషన్‌లో పెండింగ్ కేసు బయటపడుతుంది. కేసు ఏళ్ల తరబడి సాగుతుంది. తల్లిదండ్రులు వాయిదా వాయిదాకీ నల్లగొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో పొద్దున్నే బస్సెక్కి వస్తారు.

గుంపును చెదరగొట్టే అధికారం నాగరిక్ సురక్షా సంహిత 148 సెక్షన్‌లో ఉంది. మేజిస్ట్రేటు గానీ, స్టేషన్ అధికారి గానీ, ఆయన లేకపోతే ఎస్సై స్థాయికి తగ్గని అధికారి గానీ ముందు వెళ్లిపొమ్మని ఆజ్ఞ ఇవ్వాలి. వెళ్లకపోతేనే బలం వాడాలి. ఆ తర్వాత అదే సంహితలో 149. పోలీసుల వల్ల కాకపోతే సైన్యాన్ని పిలవడం. ఇక్కడ లా విద్యార్థులు ఒకటి గమనించండి. వీలైనంత తక్కువ బలం వాడాలి, మనుషులకూ ఆస్తికీ వీలైనంత తక్కువ నష్టం చేయాలి అన్న మాట సైన్యం గురించి చెప్పిన సెక్షన్‌లో స్పష్టంగా రాసి ఉంది. పోలీసుల గురించి చెప్పిన సెక్షన్‌లో ఆ వాక్యం లేదు. కోర్టులు తీర్పుల్లో చెప్తూ వచ్చాయి గానీ సెక్షన్‌లో లేదు. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచి వస్తున్న వాక్య నిర్మాణం ఇది. 2023లో చట్టం మొత్తం తిరగరాసినప్పుడు కూడా ఎవరికీ ఆ ఒక్క వాక్యం ఇటు జరపాలనిపించలేదు. పైగా 151 సెక్షన్ ప్రకారం, ఇలా గుంపును చెదరగొట్టేటప్పుడు చేసిన పనికి పోలీసును ప్రాసిక్యూట్ చేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. కాల్పులకు ఆదేశం ఇచ్చిందీ ప్రభుత్వమే, కేసుకు అనుమతి ఇవ్వాల్సిందీ ప్రభుత్వమే.

ఇక మన ఊరి సంగతి. హైదరాబాద్‌లో కాల్పుల చరిత్ర 1952 నుంచి చెప్పుకోవచ్చు. ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ ఉద్యమం, సెప్టెంబరు నెల, సిటీ కాలేజీ దగ్గర విద్యార్థులు పోయారు. జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి గారి విచారణ నడిచింది. 1969 తెలంగాణ ఉద్యమం సంగతి అసెంబ్లీ ఎదురుగా గన్‌పార్కులో స్తూపమై నిలబడి ఉంది. 369 మంది పోయారన్నది ఉద్యమం చెప్పే లెక్క.

1978 మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. నల్లకుంట పోలీసు స్టేషన్. ఒక మహిళ మీద స్టేషన్‌లో అత్యాచారం జరిగిందని, ఆమె భర్తను కొట్టి చంపారని ఊరంతా పాకింది. జనం శవంతో రోడ్డు మీదకి వచ్చారు. కాల్పులు, కర్ఫ్యూ. జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేశారు. పోలీసులదే తప్పని కమిషన్ తేల్చింది. కేసు మాత్రం కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయ్యి, అక్కడ నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ గొడవ ఎక్కడ మొదలైందో చూడండి. రోడ్డు మీద కాదు, స్టేషన్ లోపల. జనం చేతిలో రాయి కనపడినప్పుడు మనం లెక్క అక్కడి నుంచి మొదలుపెడతాం. అంతకు ముందు రాత్రి లోపల జరిగింది ఎఫ్ఐఆర్‌లో ఉండదు.

2000 ఆగస్టు 28, బషీర్‌బాగ్. ఇక్కడున్న యూనియన్ మిత్రుల్లో కొందరు ఆ రోజు అక్కడే ఉండి ఉంటారు. (కొందరు చేతులెత్తారు) కరెంటు చార్జీలు పెంచారు. విద్యుత్ సంస్కరణలని, ప్రపంచ బ్యాంకు అని రోజూ పేపర్లో వార్తలు. వామపక్షాలు, కాంగ్రెస్ కలిసి ఛలో అసెంబ్లీ పిలుపిచ్చాయి. అసెంబ్లీ దాకా పోనివ్వకుండా బషీర్‌బాగ్ దగ్గర ఆపారు. నీళ్ల ఫిరంగులు, గుర్రాలు, బాష్పవాయువు, లాఠీలు, చివరికి తుపాకులు. ముగ్గురు చనిపోయారు.

నేను దీన్ని వేరే కోణంలో చెప్తాను. యూనియన్ ఊరేగింపు ఎలా నడుస్తుందో దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు. రెండు పక్కలా చేతికి ఎర్ర గుడ్డ కట్టుకున్న వాలంటీర్లు తాడు పట్టుకుని నడుస్తారు. ముందు వరుసకు ఎదురుగా ఒకతను వెనక్కి వెనక్కి నడుస్తూ ఉంటాడు, మెడలో విజిల్. అతని కళ్లు పోలీసుల మీద ఉండవు, మనవాళ్ల మీద ఉంటాయి. ఎవడు కిందికి వంగాడు, ఎవడి చేతిలో ఏముంది అని. నినాదాలు ఇచ్చేవాడు ఇంకా ముఖ్యం. గుంపు వేడెక్కిందనుకోండి, అతను నినాదం ఆపేసి "కూర్చోండి, అందరూ కూర్చోండి" అంటాడు. ముందు వరుస కూర్చుంటే వెనక వాళ్లూ కూర్చుంటారు. కూర్చున్న గుంపు తోసుకోదు, పరిగెత్తదు, కూర్చున్నచోటు నుంచి రాయి దూరం పోదు. ఎదురుగా ఉన్న ఇన్‌స్పెక్టర్‌కి కూడా ప్రాణం లేచొస్తుంది. అతను చాలా ఏళ్లుగా ఈ నాయకుణ్ణి చూస్తున్నాడు, ముందే మాట్లాడుకుని ఉంటారు. ఇన్ని గంటలకు అరెస్టు ఇస్తాం, వ్యాన్లు రెడీగా పెట్టండి, సాయంత్రానికి వదిలేయండి అని. బయటివాళ్లకు ఇది నాటకంలా కనిపిస్తుంది. నాటకం కాదు, ఒప్పందం. ప్రాణాలు పోకుండా నిరసన జరగడానికి ఈ ఊరు నేర్చుకున్న పద్ధతి.

బషీర్‌బాగ్ లాంటిచోట నీళ్ల ఫిరంగి, గుర్రాలు మొదట తగిలేది ఎవరికి? ముందు వరుసకి. తాడు పట్టుకున్నవాళ్లకి, విజిల్ ఉన్నవాడికి, "కూర్చోండి" అని చెప్పగలిగినవాడికి. వాళ్లు చెదిరిపోతే వెనకున్న వేలమందికి ఆగమని చెప్పేవాడు ఉండడు. అప్పుడు గుంపు నిజంగానే అదుపు తప్పుతుంది. దాన్నే చూపించి కాల్పులు తప్పలేదని అంటారు. అదుపు చేసే మనుషుల్ని మొదట పడగొట్టి, అదుపు తప్పిందని రాసుకోవడం ఏం లెక్కో నాకు అర్థం కాదు. రాజకీయంగా ఏమైందో మీకు తెలుసు. 2004లో ప్రభుత్వం మారింది, ఉచిత విద్యుత్తు మీద తొలి సంతకం పడింది. కానీ బషీర్‌బాగ్‌లో పోయిన ముగ్గురి ఇళ్లకి సంతకంతో వాళ్లు తిరిగి రాలేదు కదా.

2007లో రెండు. మే 18 శుక్రవారం మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది పోతే, ఆ తర్వాత బయట కోపంతో ఉన్న జనం మీద కాల్పుల్లో ఐదుగురు పోయారు. జులై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో భూమి అడిగినవాళ్ల మీద కాల్పులు, ఏడుగురు.

ఇవన్నీ చెప్పి ఆపేస్తే చప్పట్లు బాగా వస్తాయి. ఆపను. మన వైపు లెక్క కూడా తీయాలి.

సుప్రీంకోర్టు 2012లో రాంలీలా మైదానం కేసులో తీర్పు ఇచ్చింది. అంతకు ముందు ఏడాది జూన్‌లో ఢిల్లీలో బాబా రామ్‌దేవ్ దీక్ష శిబిరం మీద పోలీసులు అర్ధరాత్రి విరుచుకుపడ్డారు. నిద్రపోతున్న జనం, బాష్పవాయువు, లాఠీలు. ఒక మహిళ తర్వాత చనిపోయారు. కోర్టు పోలీసులను గట్టిగా తప్పుపట్టింది. నిద్రపోతున్నవాళ్లు ఎవరికి ప్రమాదం అని అడిగింది. కానీ అక్కడితో ఆగలేదు. జనాన్ని పిలిచినవాళ్లకూ బాధ్యత ఉందని, ఉత్తర్వు వచ్చాక వాళ్లను శాంతంగా బయటికి పంపాల్సింది పోయి సహకరించలేదని, నష్టపరిహారంలో 25 శాతం నిర్వాహక ట్రస్టు కట్టాలని చెప్పింది. ఆ శాతం సరైనదా కాదా అన్నది వాదించుకోవచ్చు. నాకైతే కాస్త ఎక్కువే అనిపించింది. కానీ ఆ లెక్కలో ప్రభుత్వానికీ ఒక వాటా పడింది, నిర్వాహకులకూ ఒక వాటా పడింది. మన చర్చల్లో ఎప్పుడూ ఏదో ఒక వాటా మాత్రమే వినపడుతుంది.

2011 చూడండి. మార్చి 10న ప్రత్యేక తెలంగాణ కోసం మిలియన్ మార్చ్. ఎన్ని బారికేడ్లు పెట్టినా, ఎంతమందిని ముందస్తుగా అరెస్టు చేసినా జనం ట్యాంక్‌బండ్ చేరారు. అదే రోజు అక్కడ తెలుగు కవుల, మహనీయుల విగ్రహాలు కూలాయి. ఉద్యమానికి సానుభూతిగా ఉన్నవాళ్లు కూడా మర్నాడు పేపర్ చూసి తలదించుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరు 13 నుంచి 42 రోజుల సకల జనుల సమ్మె. సింగరేణి, ఆర్టీసీ, టీచర్లు, ఉద్యోగులు. బొగ్గు ఆగింది, బస్సు ఆగింది. అంత పెద్ద సమ్మెలో క్రమశిక్షణ ఎక్కడినుంచి వచ్చింది? ప్రతి డిపోలో, ప్రతి గనిలో పేరు తెలిసిన యూనియన్ మనిషి ఉన్నాడు. రేపు ఏం చేయాలో రాత్రే మాట్లాడుకుంటారు. ట్యాంక్‌బండ్ మీద గంటల్లో పోగైన జనానికి అలాంటి ఏర్పాటు లేదు. రెండిటి వెనకా ఉన్నది ఒకే కోపం, ఒకే ఏడాది.

2022 జూన్ 17, సికింద్రాబాద్ రైల్వే స్టేషన్. సైన్యంలో నాలుగేళ్లకే తీసుకునే అగ్నిపథ్ పథకం మీద కోపం. ఆర్మీలో చేరాలని పొద్దున్నే లేచి గ్రౌండ్లో పరుగులు తీసిన పిల్లలు. వాట్సాప్ గ్రూపుల్లో కబురు పెట్టుకుని వచ్చారు. రైలు బోగీలు తగలబడ్డాయి. రైల్వే రక్షక దళం కాల్చింది, వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు పోయాడు. ఆ రోజు పోలీసులకు మాట్లాడటానికి ఒక్క నాయకుడు లేడు. పిల్లలకు చెప్పడానికి ఒక్క పెద్దమనిషి లేడు. ఆ తర్వాత ఆర్మీ అధికారులు ఏమన్నారు? ఈ ఆందోళనల్లో లేమని రాసివ్వాలి, పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది అన్నారు. ఏ ఉద్యోగం కోసం వచ్చారో ఆ ఉద్యోగానికే దూరమయ్యారు. కాల్పులు సమర్థించడానికి చెప్పట్లేదు. స్టేషన్లో ఆయిల్ ట్యాంకులు ఉన్నాయని, పెద్ద ప్రమాదం జరిగేదని వాళ్ల వాదన. అది కోర్టు తేల్చాలి. నేను అడిగేది వేరు. కోచింగ్ సెంటర్లలో వేలమంది పిల్లల్ని పోగుచేసే పెద్దలు ఆ పొద్దున ఎక్కడున్నారు?

అంబేడ్కర్ గారు 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగం ఇలాంటి సభల్లో తరచుగా వినపడుతుంది. రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు రక్తపాతం, శాసనోల్లంఘన, సత్యాగ్రహం లాంటివి వదిలేయాలని, అవి అరాచకానికి దారి తీస్తాయని అన్నారు. అధికారులకు చాలా ఇష్టమైన భాగం ఇది. అదే ప్రసంగంలో కాసేపటి తర్వాత ఇంకో మాట ఉంది. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం, ఈ వైరుధ్యాన్ని త్వరగా తొలగించకపోతే అసమానత్వం అనుభవిస్తున్నవాళ్లే ఈ ప్రజాస్వామ్య కట్టడాన్ని పేల్చేస్తారని హెచ్చరించారు. ఈ రెండో భాగం చదవకుండా మొదటిది ఎత్తిచూపేవాళ్లను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. మొదటిది దాచిపెట్టి రెండోది చదివేవాళ్లనూ అంతే.

పౌరుల బాధ్యత అని చట్టం చెప్పేది ఒకటి ఉంది. నాగరిక్ సురక్షా సంహిత 31 సెక్షన్. శాంతిభంగం ఆపడానికి పోలీసు గానీ మేజిస్ట్రేటు గానీ సహేతుకంగా సాయం అడిగితే మనం చేయాల్సిందే. కళ్ల ముందు తీవ్రమైన నేరం, అంటే వారెంటు లేకుండా అరెస్టు చేయగల, బెయిలు హక్కుగా రాని నేరం జరిగితే మామూలు మనిషి కూడా పట్టుకోవచ్చు, అది 40. కొత్త చట్టంలో ఆరు గంటల్లో పోలీసుకు అప్పగించాలని గడువు పెట్టారు. పట్టుకోవచ్చు అంటే కొట్టొచ్చు అని కాదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని రాష్ట్రమంతా పుకారు. చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని గుంపు కొట్టి చంపేసింది. ఆ గుంపులో ప్రతి ఒక్కడూ తాను బస్తీని కాపాడుతున్నానే అనుకున్నాడు. ఫార్వర్డ్ చేసినవాళ్లు ఇళ్లలో టీవీ చూస్తూ ఉండి ఉంటారు. శాంతిభద్రతల పేరుతో పౌరుల చేతికి కర్ర ఇచ్చినా, ప్రభుత్వమే తుపాకి ఇచ్చినా ఏమవుతుందో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదకి నిలబెట్టిన సల్వాజుడుం చూపించింది. సుప్రీంకోర్టు 2011లో దాన్ని రాజ్యాంగ విరుద్ధం అంది. కాబట్టి నేను చెప్పే బాధ్యత ఆ రకం కాదు.

నేను చెప్పే రకం ఒకటి 2023లో చూశాం. ఆ ఏడాది గణేశ్ నిమజ్జనం, మిలాద్-ఉన్-నబీ ఒకే రోజు పడ్డాయి, సెప్టెంబరు 28న. ఈ రెండు జులూస్‌ల గురించి హైదరాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు. బాలాపూర్ గణేశుడు చార్మినార్ మీదుగా, అఫ్జల్‌గంజ్, మొజంజాహీ మార్కెట్, అబిడ్స్, బషీర్‌బాగ్ దాటి ట్యాంక్‌బండ్ చేరేసరికి ఊరు ఊరంతా రోడ్డు మీదే. మిలాద్ జులూస్ కూడా చార్మినార్ చుట్టుపక్కలే. రెండూ ఎదురెదురు పడితే ఎలా అని అందరికీ టెన్షన్. ఇక్కడ యాభై దాటినవాళ్లకు 1990 డిసెంబరు గుర్తుంటుంది. వందమందికి పైగా పోయారు, వారాల కర్ఫ్యూ, ముఖ్యమంత్రి చెన్నారెడ్డి గారు రాజీనామా చేశారు. పాలకి, కూరగాయలకి రెండు గంటల సడలింపు ఇస్తే లైన్లో నిలబడిన రోజులు.

2023లో ఏమైంది? మిలాద్ కమిటీల వాళ్లు కూర్చుని మాట్లాడుకుని జులూస్‌ను అక్టోబరు 1కి వాయిదా వేసుకున్నారు. 2024లోనూ తేదీలు దగ్గర పడితే మళ్లీ అలాగే వాయిదా వేసుకున్నారు. ఉత్తర్వు లేదు, 144 లేదు, రాపిడ్ యాక్షన్ ఫోర్సు నీలం యూనిఫాంల కవాతు చూసి తీసుకున్న నిర్ణయం కాదు. కమిటీ పెద్దలకు తమ కుర్రాళ్ల మీద ఉన్న పట్టుతో జరిగింది. ఒకసారి ఆలోచించండి, పదిహేనేళ్ల పిల్లాడు నెల ముందే జెండా కుట్టించుకుని, బైకు అడిగి పెట్టుకుని ఉంటాడు. వాడికి ఎవరో ఒక చాచా "మూడు రోజులాగు బేటా" అని చెప్పి ఒప్పించాలి. ఆ చాచా పేరు ఏ పేపర్లోనూ రాదు.

ఇందులో నాకు నచ్చనిదీ ఉంది, చెప్పేస్తాను. ప్రతిసారీ ఒక పక్షమే సర్దుకుంటే అది సర్దుబాటుగా ఎంతకాలం ఉంటుంది? కొన్ని జులూస్‌లు వెళ్లే దారిలో మసీదుకు గుడ్డ కప్పుతారు, రంగు పడకుండా, గొడవ కాకుండా. గొడవ ఆగుతుంది, నిజమే. కానీ ఆ గుడ్డ ఎవరి బాధ్యతను కప్పుతోంది? రంగు చల్లేవాడి వెనక కూడా ఒక నిర్వాహకుడు ఉంటాడు కదా. అతని చేతిలో మైకు ఉంటుంది. ఆ మైకులో ఏ పాట పెట్టాలో, ఏ గల్లీ దగ్గర ఆపాలో అతనికి తెలుసు.

ఇక పీస్ కమిటీల సంగతి. పండగ ముందు స్టేషన్లో మీటింగ్ పెడతారు, సమోసా, చాయ్, ఫొటో. ఎప్పుడూ ఆ పదిమందే, సగంమంది ఏదో ఒక పార్టీ వాళ్లు. ఆడవాళ్లు ఒకరిద్దరు ఉంటే గొప్ప. గల్లీలో ఏ పిల్లాడు కొత్తగా ఎవరితో తిరుగుతున్నాడో ముందు తెలిసేది ఆడవాళ్లకే. కాలనీ సంఘాల వాళ్లు వచ్చారు కాబట్టి అడుగుతున్నాను. మీ స్టేషన్ పీస్ కమిటీలో ఎవరున్నారో మీకు తెలుసా? (మౌనం) తెలియకపోతే సోమవారం వెళ్లి అడగండి. మీ వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండుకి ఒక వీడియో వస్తే, అది ఎక్కడిది అని అడిగే మనిషి ఒక్కడుంటే చాలు. గ్రూపు అడ్మిన్లు గుడ్‌మార్నింగ్ మెసేజ్‌ల మీద చూపించే కోపంలో పావు వంతు వాటి మీద చూపించండి.

పోలీసు సోదరులు కూడా ఇద్దరు ముగ్గురు మఫ్టీలో వచ్చినట్టున్నారు. (నవ్వులు) పర్లేదు, రాసుకోండి. మీ సంగతీ చెప్తాను. తెల్లవారుజామున బందోబస్తుకి దించి, పులిహోర పొట్లం చేతిలో పెట్టి, సాయంత్రం దాకా ఎండలో నిలబెడితే ఎవడికైనా చేయి ముందు లేస్తుంది. మహిళా కానిస్టేబుళ్లకు బాత్రూం కూడా ఉండదు. ఆ కోపం ఎవరి మీద పోవాలో వాళ్ల మీద పోదు, ఎదురుగా ఉన్న విద్యార్థి మీద పోతుంది. తక్కువ బలం వాడటం కూడా శిక్షణ, విశ్రాంతి, మనుషుల సంఖ్య ఉంటేనే సాధ్యం. అది డిమాండ్ చేయడం మన పని కూడా.

చివరిగా లెక్క అడగడం గురించి. కాల్పులు జరిగిన ప్రతిసారీ ఏదో ఒక విచారణ వేస్తారు. అది కోపం చల్లారడానికి. విచారణ కమిషన్ల చట్టం 1952లో ఒక నిబంధన ఉంది. కమిషన్ నివేదిక ఇచ్చాక ఆరు నెలల లోపు దాన్ని, తీసుకున్న చర్యల పత్రంతో కలిపి సభ ముందు పెట్టాలి. రాసి ఉంది, నేను కల్పించింది కాదు. మీ ఎమ్మెల్యే కాలనీకి వచ్చినప్పుడు డ్రైనేజీ అడుగుతారు, వీధిలైటు అడుగుతారు. ఫలానా కాల్పుల మీద వేసిన కమిషన్ నివేదిక సభలో పెట్టారా, చర్యల పత్రంలో ఏముంది అని ఒక్కరైనా అడిగారా? లా విద్యార్థులకు ఒక పని చెప్తున్నాను. నేను చెప్పిన కాల్పుల్లో ఒక్కోదాన్ని ఇద్దరిద్దరు తీసుకోండి. విచారణ వేశారా, నివేదిక వచ్చిందా, సభలో పెట్టారా, సిఫారసుల్లో ఏది అమలైంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు. అసెంబ్లీ లైబ్రరీకి కూడా వెళ్లండి. లేదంటే లేదని రాతపూర్వకంగా ఇవ్వమనండి, అదీ ఒక పత్రమే. దొరికినవన్నీ ఒకచోట చేరిస్తే వచ్చే ఏడాది ఇదే హాల్లో నేను కాకుండా మీరే మాట్లాడొచ్చు.

టైం అయిపోయిందని నిర్వాహకులు చీటీ పంపారు. ప్రశ్నలు ఉంటే అడగండి, పావుగంట ఉంది. కేసులు పెండింగ్‌లో ఉన్నవాళ్లు మాత్రం మైకులో ఏమీ చెప్పకండి, మఫ్టీ సోదరుల ముందు అస్సలు వద్దు. కిందికొచ్చి విడిగా కలవండి, వాయిదా కాగితాలు ఉంటే తెచ్చుకోండి.